వేయి కళ్ళ వాదము: రేమండ్ వ్యాసముపై ఒక పరిశీలన

కంప్యూటరు పాఠము చెప్పే ఉపాధ్యాయులకు ఈ వాదము కొత్తది కాదు. ఓపెన్ సోర్సు ప్రోగ్రాముల లోపలి వ్రాత అందరికీ కనబడుతుంది. వేయి కళ్ళు చూచే చోట తప్పు దాగజాలదు. కనుక అట్టి ప్రోగ్రాములు మేలైనవి, భద్రమైనవి. వినుటకు ఇది ఎంతో సమంజసముగా ఉంటుంది. విద్యార్థి ఒకసారి విన్నాడంటే మరి మరువడు.

ఈ వాదమునకు ప్రచారము తెచ్చినది ఒక వ్యాసము. ఎరిక్ రేమండ్ అనే అమెరికను ప్రోగ్రామరు 1997 మే నెలలో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరములో జరిగిన లినక్సు సభలో దీనిని చదివినాడు. 1999లో ఓరైలీ ప్రచురణ సంస్థ, అతని మరికొన్ని వ్యాసములతో కలిపి, పుస్తకముగా వెలువరించినది. పేరు ‘ది కెథీడ్రల్ అండ్ ది బజార్’. కెథీడ్రల్ అనగా క్రైస్తవుల మహాలయము. బజారు మనకు తెలిసినదే. దాదాపు మూడు దశాబ్దములు గడచిన తరువాత దీనిని మళ్ళీ చదివితే, అందులో నిలిచినది ఏది, నిలువనిది ఏది అని తేల్చుటకు కావలసినంత సాక్ష్యము మన చేతిలో ఉన్నది.

విషయములోకి దిగే ముందు రెండు మాటలు చెప్పుకొనవలెను. ప్రోగ్రామరు వ్రాసేది మనిషి చదువగలిగిన పాఠము. సోర్సు కోడు అనేది దీనినే. మనము మూలపాఠము అందాము. యంత్రము నడిపేది మాత్రము దాని నుండి తయారయిన అంకెల వరుసను. ఆ వరుస ఒక్కటే చేతికిస్తే, కూర తినవచ్చును గాని వండిన తీరు తెలియదు. మూలపాఠముతో సహా ఇచ్చి, చదువుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతి కూడ ఇస్తే అది ఓపెన్ సోర్సు. ఆ అనుమతిని తెలిపే పత్రమే లైసెన్సు. కాపీరైటు చట్టము ప్రకారము, వ్రాసినవాడు ఒప్పుకొననిదే ఇతరులు నకలు తీసి పంచరాదు. అందుచేత లైసెన్సు లేని మూలపాఠము కంటికి కనబడినా చేతికి అందనిదే.

ఈ లైసెన్సులు స్థూలముగా రెండు తెగలు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో వెలువరించిన జి.పి.ఎల్. ఒక తెగ. దాని షరతు ఇది: ప్రోగ్రామును మార్చి ఇతరులకు ఇచ్చేవాడు, తాను మార్చిన మూలపాఠమును కూడ అవే షరతులతో ఇవ్వవలెను. ఎం.ఐ.టి., బి.ఎస్.డి., అపాచీ లైసెన్సులు రెండవ తెగ. వీటిలో ఆ నిర్బంధము లేదు. మొదటి రచయితల ప్రకటనను చెరపక ఉంచితే చాలును. మార్చినదానిని తలుపు మూసి అమ్ముకొనవచ్చును కూడ.

పంచుకొనుట అనే ఆచారము కంప్యూటర్ల తొలి దినములనాటిది. 1955లోనే ఐ.బి.ఎం. యంత్రములు వాడేవారు ‘షేర్’ అనే పేరుతో సంఘముగా ఏర్పడి, ఒకరు వ్రాసిన ప్రోగ్రాములు ఒకరికి ఇచ్చుకొనేవారు. అప్పుడు ప్రోగ్రాము యంత్రముతో పాటు ఊరకే వచ్చేది. 1969లో ఐ.బి.ఎం. దానికి వేరుగా వెల కట్టడానికి నిర్ణయించినది. 1976లో, ఇరువది ఏండ్ల వయసులో, బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ వ్రాసి, తమ బేసిక్ ప్రోగ్రామును వెల ఇవ్వక నకలు తీసుకొనుట దొంగతనమే అన్నాడు. పంచుకొనే వాతావరణములో పెరిగిన స్టాల్‌మన్ సరిగా ఎదురు దిక్కున నిలిచి, 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించినాడు. పొరుగువానితో పంచుకొనరాదు అనే షరతే అతని దృష్టిలో అన్యాయము. ఇద్దరూ మాట్లాడినది న్యాయాన్యాయములను గురించే. ప్రోగ్రాము బాగా నడుస్తుందా లేదా అన్నది స్టాల్‌మన్‌కు ఎన్నడూ రెండవ ప్రశ్నయే.

రేమండ్ ఈ ప్రశ్ననే మార్చివేసినాడు. పంచుకొనుట ధర్మమా కాదా అన్న తగవు అతనికి అక్కరలేదు. పంచుకొంటే సరుకు బాగుపడుతుంది, అదే చాలును అన్నాడు. వ్యాపార సంస్థల చెవికి ఇది ఇంపుగా వినబడినది. 1998 జనవరిలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు మూలపాఠమును బయట పెడతానని ప్రకటించినది. ఆ నిర్ణయము వెనుక ఈ వ్యాసము ప్రభావము ఉన్నది. మరుసటి నెలలోనే ‘ఓపెన్ సోర్సు’ అనే పేరు పుట్టినది. ‘స్వేచ్ఛా సాఫ్టువేరు’ అన్న పాత పేరు వర్తకులను బెదరగొట్టుతున్నదని కొత్త పేరు పెట్టినారు. పేరుతో పాటు వాదము కూడ మారినది: న్యాయము స్థానములో నాణ్యత వచ్చి కూర్చున్నది.

వ్యాసములో ఏమున్నది? లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లండులో మొదలుపెట్టిన లినక్సు, అనేక దేశములలోని అపరిచితుల చేతులతో పెరిగి పెద్దదయినది. పాత లెక్క ప్రకారము అది కుప్పకూలవలసినది. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వ్రాసిన ప్రసిద్ధ గ్రంథములో, ఆలస్యమైన పనికి మనుషులను చేర్చితే మరింత ఆలస్యమవుతుందని చూపినాడు. లినక్సు ఎందుకు కూలలేదు? రేమండ్ సమాధానము ఇది. కొద్దిమంది శిల్పులు మౌనముగా చెక్కి, పూర్తి అయిన తరువాతనే తెరతీసే మహాలయము ఒక పద్ధతి. తరచుగా, తొందరగా, లోపములతోనే జనము మధ్య పెట్టి, వారి కేకలను బట్టి దిద్దుకొనే సంత మరొక పద్ధతి. పరీక్షించేవారు, తోటి పనివారు తగినంతమంది ఉంటే ప్రతి తప్పూ ఎవరో ఒకరికి సులభముగా కనబడుతుందని అతని సూత్రము. దీనికి లినస్ పేరే పెట్టినాడు.

ఇక్కడ చాలమంది పొరపడతారు. మహాలయము అంటే మైక్రోసాఫ్టు వంటి వ్యాపార సంస్థలనీ, సంత అంటే ఓపెన్ సోర్సు అనీ అనుకొంటారు. వ్యాసము అట్లా చెప్పలేదు. రేమండ్ మహాలయమునకు చూపిన ఉదాహరణలలో స్టాల్‌మన్ బృందము వారి ఈమాక్స్ ముఖ్యమైనది. ఈమాక్స్, లినక్సు రెండూ జి.పి.ఎల్. కింద వచ్చినవే. అనగా ఈ తగవు ఇంటిలోని అన్నదమ్ముల మధ్యదే. లైసెన్సు ఒక్కటే, పని చేసే తీరు వేరు. ఈ ఒక్క సంగతిని పట్టుకొంటే వ్యాసములోని బలము, బలహీనత రెండూ బోధపడతాయి.

బలమునకు ఒక మంచి నిదర్శనము ఆ సంవత్సరమే దొరికినది. జి.సి.సి. అనేది మూలపాఠమును అంకెల వరుసగా మార్చే ప్రోగ్రాము, గ్నూ వారిది. మార్పులు చేరుట నత్తనడక నడుస్తున్నదని విసిగిన కొందరు 1997లో దానిని ఈ.జి.సి.ఎస్. అనే పేరుతో చీల్చి, సంత పద్ధతిలో నడిపినారు. అదే మూలపాఠము, అదే లైసెన్సు. తీరు మాత్రము వేరు. రెండేండ్లు తిరుగక ముందే, 1999లో, గ్నూ వారు తమ పాత శాఖను విడిచి చీలికనే అసలైన జి.సి.సి.గా అంగీకరించినారు. ప్రయోగశాలలో కూడ ఇంత శుభ్రమైన ప్రయోగము దొరకుట కష్టము. తలుపు తెరిచి పనివారిని లోపలికి రానిచ్చినచో పని వేగిరపడుతుందని రేమండ్ చెప్పినది నిజమే.

విచిత్రమేమంటే, వ్యాసములో రేమండ్ ఆధారపడినది ఇంత మంచి ప్రయోగము మీద కాదు. ‘ఫెచ్‌మెయిల్’ అనే చిన్న ప్రోగ్రామును తానే చేపట్టి, తానే సంత పద్ధతిలో నడిపి, బాగా నడిచినదని తానే తీర్పు చెప్పినాడు. ప్రయోగము ఒక్కటే, సరిపోల్చుటకు రెండవది లేదు. సైన్సు ఉపాధ్యాయుడు ఇట్టి రికార్డును విద్యార్థి తెస్తే సంతకము పెట్టడు. 1999లోనే నికొలాయ్ బెజ్రూకోవ్ ‘ఫస్ట్ మండే’ పత్రికలో ఈ వ్యాసమును గట్టిగా విమర్శించినాడు. కాని ఉపమానము అందమైనది. విమర్శ కంటె ఉపమానము వేగముగా పరుగెత్తుతుంది.

ఆ ఉపమానమునే కొంచెము పట్టి చూద్దాము. సంతకు వేయిమంది వస్తారు. అందులో తూకపు రాళ్ళను చేతబట్టి సరిచూచేవారు ఎందరు? వచ్చినవారిలో నూటికి తొంబదిమంది కొనేవారు, తినేవారు, పోయేవారు. పక్కవాడు చూచి ఉంటాడులే అని ప్రతివాడూ అనుకొంటే, వేయిమందిలో ఒక్కడు కూడ చూడకపోవచ్చును. రేమండ్ సూత్రములో ‘తగినంతమంది’ అనే షరతు ఉన్నది. అది ఎట్లా సమకూడుతుందో మాత్రము చెప్పలేదు. లైసెన్సు ఇచ్చేది చూచే హక్కు. చూచుట అనేది పని. హక్కు ఒక కాగితముతో వస్తుంది. పనికి మనిషి, పగలు, చదువు, కూలి కావలెను. ఈ రెండింటి మధ్యనున్న గుంటను దాటకుండానే వ్యాసము దాటినట్లు నడిచిపోతుంది.

ఆ గుంట ఎంత లోతో 2014 ఏప్రిల్ 7న లోకమునకు తెలిసినది. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాముల కట్ట ఒకటి ఉన్నది. బ్యాంకుకు, దుకాణమునకు ఇంటర్నెట్టు ద్వారా మనము పంపే రహస్యములను గూఢలిపిగా మార్చేది అదే. మూలపాఠము పూర్తిగా బహిరంగము. రెండు యంత్రములు మాట్లాడుకొంటున్నప్పుడు అవతలివాడు ఇంకా ఉన్నాడా లేడా అని తెలుసుకొనుటకు ‘గుండె చప్పుడు’ అనే చిన్న ఏర్పాటు అందులో కొత్తగా చేర్చినారు. తరగతి గదిలో దానిని ఇట్లా చూపవచ్చును. ఒక విద్యార్థి అంటాడు: “నా మాటను తిరిగి చెప్పు. మాట ‘మామిడి’, అక్షరములు మూడు.” రెండవవాడు “మామిడి” అంటాడు. ఇంతవరకు బాగున్నది. ఇప్పుడు మొదటివాడు “మాట ‘మామిడి’, అక్షరములు అయిదువందలు” అన్నాడనుకొందాము. తెలివిగలవాడైతే లెక్క తప్పని ఊరకుంటాడు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. మాత్రము లెక్క చూడలేదు. మామిడి చెప్పి, ఆ తరువాత తన మెమరీలో పక్కన ఏముంటే అది, అయిదువందల అక్షరములు నిండేవరకు వరుసగా అప్పగించినది. ఒక్కసారికి 64 కిలోబైట్ల వరకు ఈ విధముగా లాగవచ్చును; మళ్ళీ మళ్ళీ అడుగవచ్చును. ఆ పక్కన ఉన్నవి ఇతరుల సంకేతపదములు కావచ్చును, ఆ సర్వరు యొక్క రహస్యపు తాళపుచెవే కావచ్చును. కెనడా పన్నుల శాఖ నుండి 900 మంది గుర్తింపు సంఖ్యలు ఈ దారిన పోయినవి. భద్రత గల వెబ్ సర్వర్లలో సుమారు 5 లక్షలకు ఈ ప్రమాదము ఉన్నదని అప్పుడు అంచనా వేసినారు. దీనికి ‘హార్ట్‌బ్లీడ్’ అని పేరు పడినది.

ఈ తప్పు మూలపాఠములో చేరినది 2011 డిసెంబరు 31న. విడుదలయినది 2012 మార్చి 14న. చెప్పిన పొడవును, వచ్చిన మాట పొడవుతో సరిచూచే నాలుగైదు పంక్తులు లేకపోవుటయే దోషము. వ్రాసినవాడు అనుభవము లేనివాడు కాడు. బృందములోని మరొకరు చదివి ఒప్పుకొన్నారు. ఆ తరువాత రెండేండ్లకు పైగా ఆ పంక్తులు ప్రపంచము ముందు తెరిచి ఉన్నవి. పెద్ద పెద్ద సంస్థలు దానిని తీసుకొని వాడుకొన్నవి. చివరకు గూగుల్‌లో పనిచేసే ఒక పరిశోధకుడు, ఫిన్లండుకు చెందిన కొడెనామికన్ సంస్థవారు వేరువేరుగా కనిపెట్టినారు. ఈ ఇద్దరూ సంతలో దారిన పోతూ చూచినవారు కారు. తప్పులు వెదకుటే ఉద్యోగముగా గలవారు.

మరి మిగిలిన కళ్ళు ఏమయినవి? ఆ సంవత్సరము బయటపడిన లెక్కలు చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.కు ఏడాదికి వచ్చే విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము దానిమీద పనిచేసేవాడు ఒక్కడు. పైగా పాఠము చదువుటకు దుర్గమము. మెమరీని అది తనదైన పద్ధతిలో దాచుకొనేది గనుక, ఇట్టి తప్పులను పసిగట్టే సాధనములు కూడ మోసపోయినవి. ఓపెన్ బి.ఎస్.డి. బృందము దానిని చీల్చి శుభ్రము చేయబూని, మొదటి వారములోనే 90 వేల పంక్తులు తీసి పారవేసినది. ఇక్కడ నాణ్యతను గురించి ఒక సూక్ష్మము ఉన్నది. తెరిచిన పుస్తకమైనంత మాత్రాన చదువదగిన పుస్తకము కాదు. మూలపాఠము ఇతరులు చదువుటకు వీలుగా ఉండుట కూడ నాణ్యతలో భాగమే. వేయి కళ్ళను ఆకర్షించేది లైసెన్సు కాదు, ఆ వీలు.

మన తెలుగు పుస్తకముల చరిత్రలో ఈ సంగతి కొత్తది కాదు. తాళపత్ర గ్రంథము చేతులు మారినకొద్దీ నకళ్ళు పెరిగినవి. నకళ్ళతో పాటు లేఖక దోషములూ పెరిగినవి. నకలు తీయుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పదిమంది చదివినంత మాత్రాన పాఠము తనంతట తాను దిద్దుకొనలేదు. సి.పి.బ్రౌను కడపలో పండితులకు జీతమిచ్చి కూర్చుండబెట్టి, ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠములు పోల్చి చూపించినందువలన చాల గ్రంథములకు శుద్ధప్రతులు ఏర్పడినవి. ప్రతులు అనేకము ఉండుట అవసరమే. అవి లేనిదే పోల్చుటకే వీలులేదు. కాని పోల్చినది ప్రతులు కావు, జీతము తీసుకొని కూర్చున్న పండితులు.

దిద్దే హక్కు కూడ రెండంచుల కత్తియే. డెబియన్ అనే లినక్సు పంపిణీవారు 2006లో ఇదే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లో, ఒక పరీక్షా సాధనము అనుమానించిన పంక్తులను మంచి ఉద్దేశముతోనే తొలగించినారు. రహస్యపు తాళపుచెవులు తయారుచేయుటకు కావలసిన యాదృచ్ఛికత ఆ పంక్తులతో పాటే పోయినది. కోటానుకోట్ల రకములలో ఒకటి కావలసిన తాళపుచెవి, ఒక్కొక్క తరహాకు సుమారు 32 వేల రకములలో ఒకటిగా కుదించుకొనిపోయినది. కంప్యూటరుకు అన్నింటినీ ప్రయత్నించి చూచుట ఒక పూట పని. ఇది 2008 మే నెల వరకు ఎవరి కంటా పడలేదు.

ఇంతకంటె నేర్పవలసిన కథ 2024 నాటిది. ఎక్స్.జడ్. అనేది దత్తాంశములను కుదించి చిన్నవిగా చేసే పరికరము. దాదాపు ప్రతి లినక్సు యంత్రములోను ఉంటుంది. దాని ముఖ్య భాగమును చాలకాలము ఏ షరతూ లేకుండ సర్వజనుల సొత్తుగా విడిచిపెట్టినారు. అంతకంటె ఉదారమైన లైసెన్సు ఉండదు. దానిని చూచుకొనే నిర్వాహకుడు ఒక్కడు. అది అతనికి జీతము వచ్చే పని కాదు. 2021లో జియా తాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, చిన్న చిన్న మరమ్మతులు పంపుతూ నమ్మకము సంపాదించినారు. అదే కాలములో మరికొన్ని పేర్లతో ఉత్తరములు వచ్చినవి: పని ఆలస్యమవుతున్నది, నీవు చేయలేకపోతే ఇంకొకరికి అప్పగించరాదా అని. ఒంటరి మనిషి ఎంతకాలము నిలువగలడు? కొత్తవానికి విడుదల చేసే అధికారము చిక్కినది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల విడుదలలలో, దూరము నుండి యంత్రములోకి ప్రవేశించే ద్వారమునకే దొడ్డిదారి అమర్చబడినది. అందరూ చదివే మూలపాఠములో దాని ఆనవాలు చాలమట్టుకు లేదు. పరీక్షల కొరకు ఉంచిన, మనిషి చదువలేని దస్త్రములలో ఒక ముక్క. పంచుటకు కట్టిన మూటలో మాత్రమే చేర్చిన మరొక ముక్క. వేయి కళ్ళు చూచే పాఠము వేరు, యంత్రములకు చేరే మూట వేరు.

దీనిని పట్టుకొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్సు డేటాబేసు వేగమును కొలుస్తూ, యంత్రములోకి ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగా పట్టుట గమనించినాడు. ఇంకొకడైతే పోనిమ్మనేవాడు. ఇతడు ఆ అర సెకను ఎక్కడ పోతున్నదో తవ్వుకొంటూ పోయి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టినాడు. అప్పటికి ఆ విడుదలలు లినక్సు పంపిణీల ప్రయోగపు సంచికలకు చేరినవే గాని, జనసామాన్యము వాడే స్థిర సంచికలకు ఇంకా చేరలేదు.

ఇది చదివి, అయితే మూసిన పద్ధతే మేలు గదా అని తొందరపడి అనరాదు. ఫ్రాయిండ్ తవ్వగలిగినది తవ్వుటకు అనుమతి ఉన్నందువలననే. మూసిన ప్రోగ్రాములో ఆ అర సెకను ఒక ఫిర్యాదుగా మిగిలిపోయేది. మూసిన వైపు ఉదాహరణ కావలెనంటే మన అక్షరమే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు, నడుమ కనబడని ఒక సంకేతము తగిలించిన ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరమును పంపితే, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయేది. ప్రపంచమంతా ఈ వింత చూచి నవ్వుకొన్నది. తెలుగు లిపి తెలిసిన వేలమంది ప్రోగ్రామర్లు ఉండి కూడ, ఆ దోషమున్న మూలపాఠమును చూచే వీలు వారికి లేదు. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసేదాక కాచుకొన్నారు. ఆండ్రాయిడు ఫోనులలోను, ఫైర్‌ఫాక్సులోను మన వత్తులను, గుణింతములను అమర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్సు ప్రోగ్రాము. అందులో తప్పు దొరికితే తెనాలిలోని విద్యార్థి కూడ సవరణ వ్రాసి పంపవచ్చును. పంపుతాడా లేదా అన్నది వేరు ప్రశ్న. ఈ వ్యాసమంతా ఆ వేరు ప్రశ్నను గురించే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పని చేయించవచ్చును. ఎం.ఐ.టి. లైసెన్సు ఒక పుటకు మించదు. దానిని విద్యార్థులచే పూర్తిగా చదివించండి. మొదట అనుమతి ఉంటుంది. చివర, ఈ ప్రోగ్రాము ఎట్లా ఉన్నదో అట్లాగే ఇస్తున్నాము, బాగుంటుందని ఏ హామీ లేదు, నష్టము వస్తే మా పూచీ లేదు అనే భావము ఉంటుంది. జి.పి.ఎల్.లోను ఇంతే, అపాచీలోను ఇంతే. నాణ్యతను గురించి లైసెన్సు తానే ఏమీ వాగ్దానము చేయుట లేదు. లైసెన్సు పేరు చెప్పి నాణ్యతకు హామీ ఇచ్చినది వ్యాసకర్తలు, వర్తకులు, ఉపన్యాసకులు. (మూసిన ప్రోగ్రాములతో వచ్చే ఒప్పంద పత్రములను కూడ చదివిస్తే, అక్కడ కూడ ఇంచుమించు ఇదే మాట కనబడుతుంది. అది విద్యార్థులకు మరొక ఆశ్చర్యము.)

పంచుకొనే సంస్కృతిని గురించి రేమండ్ 1998లో మరొక వ్యాసము వ్రాసినాడు. అదీ ఈ పుస్తకములోనే ఉన్నది. ఎవడు ఎక్కువ ఇస్తే వానికి ఎక్కువ గౌరవము దక్కే దాన సంస్కృతి అది అని అతని నిర్ణయము. నా దృష్టిలో పుస్తకములో అన్నిటికంటె ఆలోచింపజేసే భాగము ఇదే. కాని అతడు చూడని కోణము ఒకటి ఉన్నది. కొత్తది ఇచ్చినవానికి కీర్తి వస్తుంది. ఉన్నదానిని కాపాడేవానికి రాదు. గుడి కట్టించినవాని పేరు శాసనములో చెక్కుతారు. దినదినము ఊడ్చి దీపము పెట్టేవాని పేరు ఏ శాసనములోను ఉండదు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లోను, ఎక్స్.జడ్.లోను తెగిన దారము ఈ ఊడ్చేవాని దగ్గరే తెగినది. కీర్తి అనే కూలితో కొత్త ప్రోగ్రాములు పుడతాయి; పాతవాటి పంక్తులు చదివి సరిచూచే విసుగు పని ఆ కూలితో జరుగదు. హార్ట్‌బ్లీడ్ తరువాత పెద్ద సంస్థలు కొన్ని లినక్సు ఫౌండేషన్ ద్వారా నిధి ఏర్పరచి, ఇట్టి పనివారికి జీతములిచ్చుట మొదలుపెట్టినవి. పదేండ్ల తరువాత ఎక్స్.జడ్. నిర్వాహకుడు ఒంటరిగానే ఉన్నాడంటే, ఆ నిధి ఎంత దూరము వెళ్ళినదో ఊహించుకొనవచ్చును.

మన దేశములో ఈ సంస్కృతికి ఇంకొక చిక్కు ఉన్నది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకు ఉచితము, స్వేచ్ఛ అనే రెండర్థములూ ఉన్నవి. స్టాల్‌మన్ నలుబది ఏండ్లుగా ఈ రెండింటికి తేడా చెప్పుతూనే ఉన్నాడు. తెలుగులో ఆ తంటా లేదు. మనకు రెండు మాటలున్నవి. హైదరాబాదులో ఈ ఉద్యమమును నడిపే సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకొనుట ఎంతో తెలివైన పని. అయినా వాడుకలో మనము ఎన్నుకొన్నది మొదటి మాటనే. వెల ఇవ్వవలసిన ప్రోగ్రామును దొంగ డిస్కు నుండి నకలు తీసుకొనుటను, లైసెన్సు ఇచ్చిన ప్రోగ్రామును తెచ్చుకొనుటను చాలకాలము ఒక్క గాటనే కట్టినాము: రెండూ ఊరక వచ్చినవే గదా అని. మొదటిదానిలో తీసుకొనుట తప్ప మరేమీ లేదు. రెండవదానిలో చదువుటకు, దిద్దుటకు, తిరిగి ఇచ్చుటకు పిలుపు ఉన్నది. ఆ పిలుపును వినక, తీసుకొనుటతోనే ఆగినవాడు, రేమండ్ లెక్కించిన వేయి కళ్ళలో మూసి ఉన్న కన్ను.

పుస్తకము చదువదగినదే. రేమండ్ శైలి చురుకైనది. అక్కడక్కడ ఆత్మస్తుతి ఎక్కువ. సంత పద్ధతిలో ఏ ప్రోగ్రామునైనా మొదటి నుండి పుట్టించలేము, ముందు ఒక మనిషి నడిచే సరుకు తెచ్చి పెట్టవలెను అని అతడే ఒప్పుకొన్న పుటలు ఉన్నవి. అతని శిష్యులు వాటిని తరచు దాటవేస్తారు, ఉపాధ్యాయులు దాటవేయవద్దు. మూల వ్యాసమును రేమండ్ ఇతరులు పంచుకొనుటకు వీలైన లైసెన్సుతోనే ప్రకటించినాడు. తెలుగులో దానిని పైతరగతుల పాఠముగా పెట్టదలచినవారు, ఎక్స్.జడ్. కథను అనుబంధముగా వ్రాసి, రెండింటినీ ఒకే వారములో చెప్పితే బాగుంటుంది.